తెలుగు మాట వెడల్పు: ప్రోగ్రాముల్లో కొలిచే పద్ధతులు

ఒక మాటను తెర మీదో కాగితం మీదో గీస్తే అడ్డంగా ఎంత చోటు పడుతుందో గీయకముందే లెక్కగట్టడాన్ని టెక్స్ట్ వెడల్పు కొలత అంటారు. బటన్ మీద పేరు ఇముడుతుందా, వాక్యాన్ని ఎక్కడ విరిచి కింది వరుసకు దింపాలి, శీర్షిక నడిమధ్యకు రావాలంటే ఎడమవైపు ఎంత ఖాళీ వదలాలి, బిల్లులో ధరలన్నీ ఒకే నిలువు గీతకు ఎలా చేరాలి, పేరు పట్టకపోతే ఎక్కడ కత్తిరించి మూడు చుక్కలు పెట్టాలి అన్న ప్రశ్నలకు జవాబు ఈ కొలతలోనే ఉంటుంది. బ్రౌజర్, వర్డ్ ప్రాసెసర్, ఫోన్ యాప్, టికెట్ మిషన్ అన్నీ తెరవెనుక ఎడతెగకుండా చేసే పని ఇది.

ఇంగ్లిషు లిపికి ఇది చాలావరకు కూడికల లెక్క. ఒక్కో అక్షరం వెడల్పు ఫాంటులో రాసి ఉంటుంది, వరసగా కూడితే మాట వెడల్పు వచ్చేస్తుంది. తెలుగులో ఆ లెక్క మొదటి ఒత్తు దగ్గరే తప్పుతుంది. ఒత్తు కిందికి దిగుతుంది, గుణింతపు గుర్తు హల్లు తలకట్టును మార్చేస్తుంది, రెండు హల్లులు కలిసి మూడో ఆకారం తీసుకుంటాయి. కాబట్టి తెలుగు మాటకు విడిగా ఒక వెడల్పంటూ లేదు. ఫలానా ఫాంటులో, ఫలానా సైజులో, ఫలానా గీసే యంత్రాంగం దాన్ని కూర్చాక వచ్చేదే దాని వెడల్పు.

డిండోలి, సూరత్: నాలుగైదు లిపుల పేట

సూరత్ నగరానికి ఆగ్నేయ దిక్కున ఉధ్నా, లింబాయత్‌లకు చేరువలో ఉన్న పేట డిండోలి. మరమగ్గాల పని వెతుక్కుంటూ నల్గొండ, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల నుంచి వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు సూరత్‌లోని ఈ వైపు పేటల్లో స్థిరపడ్డాయి. వారితో పాటు ఖాందేశ్ నుంచి మరాఠీలు, ఒడిశా నుంచి, హిందీ రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు కూడా ఇక్కడే ఉంటారు. సూరత్ నగరపాలక సంస్థ తన ప్రాథమిక పాఠశాలలను గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లిషు మాధ్యమాల్లో నడుపుతుంది. ఒకే నగరంలో ఇన్ని మాధ్యమాలుంటే అక్కడి ఐడీ కార్డు, శుభలేఖ, ఫ్లెక్సీ బ్యానర్, కిరాణా బిల్లు కూడా ఇన్ని లిపులను మోయాల్సి వస్తుంది.

వెడల్పు కొలతలో ఉండే చిక్కులన్నీ ఇలాంటి చోటే బయటపడతాయి. గుజరాతీలో సంయుక్తాక్షరం వస్తే మొదటి హల్లు తన నిలువు గీతను వదులుకుని సగం రూపంలో తర్వాతి హల్లుకు అతుక్కుంటుంది, అంటే మాట పక్కకు పెరుగుతుంది. తెలుగులో రెండో హల్లు ఒత్తుగా కిందికి దిగుతుంది, అంటే మాట ఎక్కువగా లోతుకు పెరుగుతుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. గుజరాతీ పేరుకు సరిపోయేలా గీసిన గడిలో అదే పేరును తెలుగులో పెడితే పక్కన చోటు మిగిలినా కింద ఒత్తులు తెగిపోవచ్చు. గుజరాతీ అక్షరాలు చూసి తయారు చేసిన ఐడీ కార్డు నమూనాలో తెలుగు పేరు కాళ్లు తెగి అచ్చయితే ఆ కార్డు మెడలో వేసుకునేది ఒక చిన్న పిల్ల. ఇది సాంకేతిక లోపమే అయినా ఆ పిల్లకు జరిగేది అవమానమే.

కొలత ఎలా పుట్టింది

చేత్తో అక్షరాలు పేర్చిన రోజుల్లో కొలత కంపోజిటర్ చేతిలోని స్టిక్‌లోనే ఉండేది. వరుస నిండితే నిండినట్టు, లేకపోతే మాటల మధ్య ఖాళీ దిమ్మలు వేసేవారు. ఈ పనిని యంత్రానికి అప్పగించిన తొలి ప్రయత్నాల్లో టాల్బర్ట్ లాన్‌స్టన్ 1887లో పేటెంట్ పొందిన మోనోటైప్ ముఖ్యమైనది. అందులో ఎమ్ కొలతను, అంటే అక్షరం సైజంత వెడల్పును, 18 భాగాలు చేసి, ప్రతి అక్షరానికీ ఇన్ని భాగాలని నిర్ణయించారు. కీలు నొక్కుతుంటే యంత్రం వెడల్పులను కూడుతూ పోయి, వరుస చివర్లో ఎంత ఖాళీ సర్దాలో చూపించేది.

1978లో డొనాల్డ్ కనూత్ తయారు చేసిన టెక్ అనే అక్షర కూర్పు ప్రోగ్రాము ఈ ఆలోచనను కంప్యూటర్‌లోకి తెచ్చింది. టెక్‌కు అక్షరం ఎలా ఉంటుందో తెలియాల్సిన పని లేదు. వెడల్పు, ఎత్తు, లోతు ఉన్న ఒక పెట్టెగా చూస్తే చాలు. దాని చిన్న కొలమానం పాయింటులో 65,536వ వంతు, లెక్కంతా ఆ కొలమానపు పూర్ణాంకాల్లోనే సాగుతుంది కాబట్టి ఏ కంప్యూటర్‌లో నడిపినా వరుసలు ఒకేచోట విరుగుతాయి. అడోబీ పోస్ట్‌స్క్రిప్ట్ ఫాంట్లతో వచ్చిన మెట్రిక్స్ ఫైళ్లు ఎమ్‌ను 1000 భాగాలు చేశాయి. హెల్వెటికాలో చిన్న ఐ 222 భాగాలు, పెద్ద డబ్ల్యూ 944 భాగాలు. ఒకే ఫాంటులో ఒక అక్షరం మరొకదానికి నాలుగు రెట్లకు పైగా ఉందంటే, అక్షరాల సంఖ్యతో వెడల్పును ఊహించడం రోమన్ లిపికే చెల్లదని అర్థమవుతుంది.

అడుగు, సిరా

ట్రూటైప్, ఓపెన్‌టైప్ ఫాంట్లలో ఒక్కో అక్షర రూపాన్ని గ్లిఫ్ అంటారు. ప్రతి గ్లిఫ్‌కూ అడ్వాన్స్ అనే కొలత ఉంటుంది. అది గీశాక కలం ఎంత ముందుకు జరగాలో చెప్పే అంకె అది. ఎమ్‌ను 2048 భాగాలు చేసిన ఫాంటులో ఒక గ్లిఫ్ అడ్వాన్స్ 1400 అనుకుందాం. 24 పిక్సెళ్ల సైజులో దాని వెడల్పు 1400ను 24తో గుణించి 2048తో భాగిస్తే వస్తుంది: సుమారు 16.4 పిక్సెళ్లు.

కలం జరిగిన దూరమూ సిరా పడిన మేరా ఎప్పుడూ ఒకటి కావు. ర ఒత్తు హల్లుకు ఎడమ కింది నుంచి చుట్టుకుంటుంది, కొన్ని ఫాంట్లలో అది కలం మొదలైన గీతకు ఎడమవైపు కూడా పొడుచుకొస్తుంది. య ఒత్తు కుడిపక్కకు సాగుతుంది. అందుకే చాలా లైబ్రరీలు రెండు కొలతలు ఇస్తాయి. వరుసలో తర్వాతి మాట ఎక్కడ మొదలవ్వాలో తెలుసుకోవడానికి అడ్వాన్స్ కావాలి. చుట్టూ పెట్టె గీయడానికో, బొమ్మగా కత్తిరించడానికో సిరా మేర కావాలి. ఒకదానికి బదులు మరొకటి వాడితే శుభలేఖలో మొదటి అక్షరం ర ఒత్తు ఎడమ అంచున తెగుతుంది.

అంకెను గుండ్రం చేయడం ఇంకో చిక్కు. విండోస్ పాత జీడీఐ పద్ధతి ప్రతి గ్లిఫ్ వెడల్పునూ పూర్తి పిక్సెళ్లకు సర్దేది. గ్లిఫ్‌కు అర పిక్సెల్ తేడా అయినా పొడవైన వరుసలో చివరికి ఒక మాట కింద పడేంత అవుతుంది. జీడీఐ ప్లస్‌లోని మెజర్‌స్ట్రింగ్ మామూలుగా ఇరుపక్కలా ఎమ్‌లో ఆరో వంతు చొప్పున అదనపు ఖాళీ కలిపి చెబుతుంది. టైపోగ్రాఫిక్ ఫార్మాట్ అడిగితేనే ఆ ఖాళీ పోతుంది. బ్రౌజర్‌లో ఆఫ్‌సెట్‌విడ్త్ పూర్ణాంకం ఇస్తే, గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్ దశాంశాలతో ఇస్తుంది.

ఒక పేరు, నాలుగు లెక్కలు

తెలుగులో అసలు కష్టమంతా షేపింగ్ దగ్గర, అంటే దాచిన గుర్తులను అక్షర రూపాలుగా కూర్చే పని దగ్గర ఉంది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి సంచిక నుంచి తెలుగుకు చోటుంది. అందులో దాచేది హల్లులు, అచ్చులు, గుర్తులు, పొల్లు మాత్రమే, ఒత్తులకు విడిగా సంఖ్యలు లేవు. ఈ సంఖ్యలనే కోడ్‌పాయింట్లు అంటారు. పొల్లు తర్వాత హల్లు వస్తే ఒత్తుగా మార్చడం గీసే యంత్రాంగం పని. ఫాంటులోని ప్రత్యామ్నాయాల పట్టిక ఏ రూపం వాడాలో, స్థానాల పట్టిక ఎక్కడ పెట్టాలో చెబుతాయి. విండోస్‌లో యూనిస్క్రైబ్, తర్వాత డైరెక్ట్‌రైట్, ఆపిల్‌లో కోర్‌టెక్స్ట్, ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీసుల్లో హార్ఫ్‌బజ్ ఆ పని చేస్తాయి.

వెంకటేశ్వర్లు అనే పేరు తీసుకోండి. యూనికోడ్‌ను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌పాయింటుకు 3 బైట్లు కాబట్టి ఇది 39 బైట్లు. పైథాన్‌లోనో జావాలోనో పొడవు అడిగితే 13 అని వస్తుంది, ఎందుకంటే గుర్తులు, పొల్లులు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. చదువరి కంటికి కనబడేవి వెం, క, టే, శ్వ, ర్లు అనే 5 అక్షరాలు. యూనికోడ్ పాత నియమాల ప్రకారం విడగొట్టే ప్రోగ్రాము మాత్రం శ్వను, ర్లును పొల్లు దగ్గర చీల్చి 7 అని చెప్పేది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగు, గుజరాతీతో సహా ఆరు భారతీయ లిపులకు సంయుక్తాక్షరాన్ని విడగొట్టకూడదన్న నియమం చేరింది. పాత లైబ్రరీలు వాడే ప్రోగ్రాముల్లో పాత లెక్కే నడుస్తుంది.

39, 13, 7, 5. ఈ నాలుగింటిలో ఏదీ వెడల్పు కాదు. ఒక్కో కోడ్‌పాయింటునూ విడిగా కొలిచి కూడినా రాదు. విడిగా కొలిస్తే పొల్లుకూ గుణింతపు గుర్తుకూ ఆధారంగా కొన్ని యంత్రాంగాలు చుక్కల వలయం గీసి దాని వెడల్పు కూడా కలిపేస్తాయి. జావాలోని ఫాంట్‌మెట్రిక్స్ వివరణలోనే, మాట అడ్వాన్స్ దాని అక్షరాల అడ్వాన్సుల మొత్తం కానక్కర్లేదని రాసి ఉంది. మొత్తం మాటను ఒకేసారి షేపింగ్‌కు ఇచ్చి, బయటికొచ్చిన గ్లిఫ్‌ల అడ్వాన్సులను కూడడం ఒక్కటే సరైన దారి.

కంటికి కనిపించని కోడ్‌పాయింట్లు కూడా వెడల్పును మారుస్తాయి. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో ట పొల్లు తర్వాత సున్నా వెడల్పు విడదీత గుర్తు ఉంది. అది ఉన్నందువల్ల వే తన చోట తాను నిలబడింది. దాన్ని తీసేస్తే సాఫ్ట్వేర్ అవుతుంది, వ కాస్తా ఫ కింద రెండో ఒత్తయి మాట కుదించుకుపోతుంది. పేరులో సున్నా వెడల్పు ఉన్నా, తీసేస్తే ఒక అక్షరమంత తేడా వస్తుంది. డేటా శుభ్రం చేసే పేరుతో కనిపించని గుర్తులన్నీ తుడిచేసే ప్రోగ్రాములు కొలతతో పాటు మాట రూపాన్నీ చెడగొడతాయి. అలాగే ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే కోడ్‌పాయింటుగానూ రాయవచ్చు, ఎత్వం గుర్తూ ఐత్వపు కింది భాగమూ కలిపి రెండుగానూ రాయవచ్చు. చూపుకు ఒకటే, వెడల్పూ ఒకటే ఉండాలి. పొడవు లెక్కలో మాత్రం ఒకటి తేడా.

యూనికోడ్‌కు ముందు

అను స్క్రిప్ట్, శ్రీలిపి లాంటి పాత ఫాంట్లలో తెలుగు ముక్కలు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో కూర్చునేవి. ఒత్తును, తలకట్టును టైపు చేసేవారే ఏరి పేర్చేవారు. అందువల్ల వెడల్పు కొలవడం తేలిక, ముక్కల అడ్వాన్సులు కూడితే చాలు. పేజ్‌మేకర్‌లో తెలుగు పుస్తకాలు, పత్రికలు ఏళ్ల తరబడి అలాగే తయారయ్యాయి. ఫాంటు పేరు పోతే మాత్రం ఆ మాట ఇంగ్లిషు అక్షరాల గందరగోళమవుతుంది. గుజరాతీలో ఎల్‌ఎంజీ అరుణ్ లాంటి ఫాంట్లదీ ఇదే పద్ధతి.

ఫ్లెక్సీ బ్యానర్ల దుకాణాల్లో కోరల్‌డ్రా ఫైలును ప్రింటుకు పంపేముందు అక్షరాలను కర్వ్స్‌గా మార్చడం మామూలు. అప్పుడు అక్షరం బొమ్మయిపోతుంది, ఏ కంప్యూటర్‌లో తెరిచినా వెడల్పు మారదు. తెలుగు ఫాంటు లేని దుకాణానికి తెలుగు బ్యానర్ పంపాలంటే ఇప్పటికీ నమ్మదగిన పద్ధతి ఇదే. అక్షరదోషం దిద్దాలంటే మాత్రం మొదటి ఫైలు చేతిలో ఉండాల్సిందే.

తెలుగు యూనికోడ్ ఫాంట్లలో తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ముందువరుసలో నిలుస్తాయి. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి వచ్చింది. తర్వాత సిలికానాంధ్ర చొరవతో మండలి, రామభద్ర, ధూర్జటి, సురవరం, గిడుగు వంటివి వచ్చి గూగుల్ ఫాంట్స్‌లో చేరాయి. ఒకే సైజులో పెట్టినా వీటి వెడల్పులు ఒకదానికొకటి పొసగవు. గౌతమిలో కొలిచి ధూర్జటిలో గీస్తే గడి పొంగిపోర్లినా ఆశ్చర్యం లేదు.

కొలిచే సాధనాలు

వెబ్‌లో కాన్వాస్ మెజర్‌టెక్స్ట్ అడ్వాన్స్ వెడల్పునూ సిరా మేరనూ రెండూ ఇస్తుంది. ఆండ్రాయిడ్‌లో పెయింట్ మెజర్‌టెక్స్ట్ అడ్వాన్స్‌కు, గెట్‌టెక్స్ట్‌బౌండ్స్ సిరాకు. క్యూటీలో 5.11 నుంచి హారిజాంటల్‌అడ్వాన్స్ అనే స్పష్టమైన పేరు వచ్చింది.

పైథాన్‌లోని పిల్లో అనే బొమ్మల లైబ్రరీ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే కార్డులు, పోస్టర్లు తయారు చేసే చిన్న ప్రోగ్రాముల్లో వాడేది ఎక్కువగా అదే. పాత గెట్‌సైజ్‌ను 2023లో వచ్చిన 10.0లో తీసేశారు. అడ్వాన్స్‌కు గెట్‌లెంగ్త్, సిరా పెట్టెకు గెట్‌బీబాక్స్ వాడాలి. పిల్లోలో రెండు కూర్పు పద్ధతులున్నాయి. బేసిక్ పద్ధతిలో షేపింగ్ లేదు, ఒక్కో కోడ్‌పాయింటునూ వరసగా గీసుకుంటూ పోతుంది, కాబట్టి స్త్రీ అన్న మాట పొల్లులతో ముక్కలుగా వస్తుంది. రక్మ్ పద్ధతి హార్ఫ్‌బజ్‌ను వాడుతుంది, తెలుగు సరిగా వస్తుంది. రాసినవారి కంప్యూటర్‌లో రక్మ్ ఉండి, సర్వర్‌లో లేకపోతే అదే ప్రోగ్రాము అక్కడ వేరే వెడల్పు చెబుతుంది, వేరే ఆకారం గీస్తుంది. ప్రోగ్రాము మొదలవగానే రక్మ్ ఉందో లేదో తనిఖీ చేసి, లేకపోతే అక్కడే ఆపేయడం మంచిది. తప్పు కార్డులు వందల్లో అచ్చయ్యాక చూసుకోవడం కంటే ఇది మేలు.

కిరాణా బిల్లు

58 మిల్లీమీటర్ల కాగితం వాడే థర్మల్ ప్రింటర్‌లో అచ్చు పడే మేర 48 మిల్లీమీటర్లు, మిల్లీమీటరుకు 8 చుక్కలు, అంటే వరుసకు 384 చుక్కలు. దానిలోని ఇంగ్లిషు ఫాంటులో అక్షరానికి 12 చుక్కలు, కనుక వరుసకు సరిగ్గా 32 అక్షరాలు. చాలా బిల్లు ప్రోగ్రాములు ఈ 32ను నమ్ముకుని రాసినవే. సరుకు పేరుకు 16 గడులు, చాలకపోతే ఖాళీలతో నింపు, తర్వాత ధర.

ఇలాంటి ప్రోగ్రాముకే తెలుగు పేర్లిచ్చి తయారైన వరుసను బొమ్మగా పంపితే ఏమవుతుందో చూడండి. కందిపప్పు 9 కోడ్‌పాయింట్లు, కాబట్టి 7 ఖాళీలు చేరుస్తుంది. ఉప్పు 5, కాబట్టి 11 ఖాళీలు. కాగితం మీద కందిపప్పు 4 అక్షరాలు, ఉప్పు 2. ఒకదానిలో 4 అక్షరాలూ 7 ఖాళీలూ, మరోదానిలో 2 అక్షరాలూ 11 ఖాళీలూ. ఒక్కో అక్షరం వెడల్పు వేరు, ఖాళీ వెడల్పు మరీ వేరు. ధరలు నిచ్చెన మెట్లలా దిగుతాయి.

సరిచేయాలంటే ఖాళీలతో నింపడం పూర్తిగా మానాలి. ధర వెడల్పు కొలిచి 384లోంచి తీసేస్తే అది ఎక్కడ మొదలవ్వాలో తెలుస్తుంది, కుడి అంచులు వాటంతటవే కలుస్తాయి. పేరుకు 250 చుక్కల హద్దు పెట్టుకుని, దాటితే రెండో వరుసకు దింపాలి. ఈ తరహా ప్రింటర్లలో తెలుగు ఫాంటు సాధారణంగా ఉండదు కాబట్టి బిల్లు మొత్తాన్ని 384 చుక్కల బొమ్మగా పంపాలి. వరుస ఎత్తు కూడా ఇంగ్లిషు లెక్కన పెట్టకూడదు, ప్పు లాంటివాటి అడుగుభాగం కింది వరుస నెత్తిన ఎక్కుతుంది. చిన్న సైజులో ఒత్తుల లోపలి ఖాళీలు మూసుకుపోతాయి కనుక అక్షరాన్ని కుదించడం కంటే వరుస పెంచడం నయం.

కత్తిరింపు, వరుస విరుపు

పట్టని పేరును ఎక్కడ కత్తిరించాలో వెతకడానికి చాలామంది సగం సగం చేసుకుంటూ పోతారు. ఎన్ని అక్షరాలు పెరిగితే వెడల్పు అంత పెరుగుతుందన్న నమ్మకం మీద నడిచే పద్ధతి అది. తెలుగులో ఆ నమ్మకం నిలవదు. లక్ష్మిలో 7 కోడ్‌పాయింట్లున్నాయి. మూడింటి దగ్గర ఆపితే లక్, నాలుగింటికి లక్ష, ఐదింటికి లక్ష్, ఆరింటికి లక్ష్మ. పొల్లు గుర్తుకు కొన్ని ఫాంట్లలో సొంత అడ్వాన్స్ ఉంటుంది. మ వచ్చి చేరగానే ఆ పొల్లు పోయి మ కింద ఒత్తవుతుంది, మాట ముందుకంటే ఇరుకవుతుంది. కాబట్టి కోడ్‌పాయింట్ల మధ్య కాకుండా పూర్తి అక్షరాల సరిహద్దుల దగ్గరే కొలవాలి, అక్కడే కత్తిరించాలి. లేకపోతే కృష్ణ కాస్తా కృష్ అయి మూడు చుక్కలతో వేలాడుతుంది.

వరుసలు విరవడానికి మాత్రం ఒక వెసులుబాటుంది. తెలుగు షేపింగ్ ఖాళీ దాటి పక్క మాటను తాకదు. ఒక్కో మాట వెడల్పునూ ఒకసారి కొలిచి దాచుకుని మళ్లీ వాడుకోవచ్చు. పెద్ద పత్రాల్లో ఇది చాలా సమయం ఆదా చేస్తుంది. ఫాంటు, సైజు, మందం మారినప్పుడు ఆ దాచుకున్న లెక్కలు పారేయాలి.

2018 ఫిబ్రవరి

తెలుగు కూర్పు ఎంత సున్నితమో ప్రపంచానికి తెలిసిన సందర్భం 2018 ఫిబ్రవరి. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో జ్ఞా అనే అక్షరం, లోపల సున్నా వెడల్పు విడదీత గుర్తుతో కలిసి వస్తే, దాన్ని గీయబోయిన యాప్ కుప్పకూలేది. సందేశంగా వస్తే మెసేజ్ యాప్, నోటిఫికేషన్‌గా వస్తే హోం తెర కూడా. బెంగాలీ, దేవనాగరి కూర్పులు కొన్నింటికీ ఇదే లోపం ఉందని పరిశీలకులు తేల్చారు. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. వార్తల్లో అది తెలుగు అక్షరం చేసిన నేరంగా ప్రచారమైంది, అది అన్యాయం. లోపం అక్షరానిది కాదు, అలాంటి కూర్పును పరీక్షించకుండా వదిలిన సాఫ్ట్‌వేర్‌ది.

ఫాంటు లేనప్పుడు, ఆలస్యమైనప్పుడు

అడిగిన ఫాంటులో తెలుగు లేకపోతే యంత్రాంగం మరో ఫాంటును తెచ్చి గీస్తుంది, అదీ దొరక్కపోతే ఖాళీ పెట్టెలు గీస్తుంది. గుజరాతీ పేరు, తెలుగు పేరు, ఇంగ్లిషు అంకెలు ఒకే వరుసలో ఉన్న కార్డులో మూడు ఫాంట్లు పనిచేస్తాయి, కాబట్టి వరుసను లిపి ప్రకారం ముక్కలు చేసి ఒక్కో ముక్కనూ దాని ఫాంటుతో కొలవాలి. ఉర్దూ కూడా కలిస్తే గీసే వరుసక్రమం మారుతుంది, ముక్కల మొత్తం వెడల్పు మాత్రం మారదు.

వెబ్ పేజీల్లో ఫాంటు నెట్ మీదుగా వస్తుంది. తెలుగు ఫాంటు ఫైలులో సంయుక్త రూపాలు బోలెడు ఉంటాయి కనుక అది సాధారణంగా ఇంగ్లిషు ఫాంటు కంటే బరువైనది, ఆలస్యంగా చేరుతుంది. అది రాకముందే కొలిస్తే వచ్చేది తాత్కాలిక ఫాంటు వెడల్పు. డాక్యుమెంట్ ఫాంట్స్ రెడీ అన్న సంకేతం అందాక కొలవాలి, పేజీ తయారైనప్పుడు ఒకసారి కొలిచి ఊరుకోకూడదు.

పరీక్షకు పెట్టే పేర్ల ఎంపిక కూడా కొలతలో భాగమే. రాము, సీత లాంటి పేర్లతో పరీక్షిస్తే ఏ లోపమూ బయటపడదు. ర ఒత్తుతో మొదలయ్యే ప్రవీణ్, మూడు హల్లులు కలిసిన లక్ష్మి, పొల్లుతో ముగిసే శ్రీనివాస్, విడదీత గుర్తు ఉన్న రాజ్‌కుమార్, పొడవైన వెంకటేశ్వర్లు, ఇంటిపేరుతో కలిపి పూర్తి పేరు: ఇవన్నీ కార్డు నమూనాలో ఒక్కసారైనా పడాలి. వాటితో పాటు అదే గడిలో గుజరాతీ, మరాఠీ, ఒడియా, ఉర్దూ పేర్లను కూడా అదే ప్రింటర్ మీద వేసి, ఎడమ అంచు, కుడి అంచు, అడుగు మూడూ చూసుకున్నాకే నమూనాను ఖాయం చేయాలి.